పాత ఇనుము, కొత్త కామ



మాట మొదలుపెట్టే ముందు రెండు చప్పుళ్ళు వినిపిస్తాను. స్టూడియోలోకి రెండు కర్రలు పట్టుకొచ్చాను. గేటు దగ్గర కాపలా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు గానీ, పెద్దవాణ్ణని కాబోలు లోపలికి రానిచ్చాడు.

(మొదటి కర్ర మీద మూడు దెబ్బలు)

ఇది ఒకటి.

(రెండో కర్ర మీద మూడు దెబ్బలు)

ఇది రెండోది. మొదటిది ఖంగున పలికింది. రెండోది ముగ్గిపోయిన గుమ్మడికాయను తట్టినట్టు బొదబొదగా పలికింది. రెండూ తుమ్మకర్రలే. ఒకే చెట్టువి, ఒకే పొడుగు. రెండోదానిలో ఎక్కడో పగులుంది. నా కంటికి కనపడదు, మా పక్క ఊరి కమ్మరికి కూడా కనపడదు. ఆయన చెవికి మాత్రం దొరికిపోయింది. గొడ్డలికి కామ వెయ్యడం చెవితో మొదలవుతుందని నాకు అరవై ఏళ్ళు దాటాక తెలిసింది. అందుకే ఈ ప్రసంగం రేడియోలో చెప్పాలనిపించింది.

మాది శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం, భావనపాడు. ఊరికి ఒకపక్క సముద్రం, మరోపక్క నౌపడా ఉప్పు మడులు. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఊళ్ళో అందరికీ మేస్టార్నే. చేతిపనికి మాత్రం కొరగానివాణ్ణి. మా తాత పడవలు బాగుచేసే వడ్రంగి. నాన్న కొంత నేర్చుకున్నాడు. నాకు చదువబ్బింది కదా అని వాళ్ళ పనిముట్ల పెట్టె జోలికే పోలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు నూట నలభై, నూట యాభై కిలోమీటర్లు అన్నారు. ఆ లెక్క మాకు తర్వాత తెలిసింది. ఆ వేళకు తెలిసిందల్లా ఇంటి పెంకులు కాగితాల్లా లేచిపోవడం, కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడుతుంటే నేల అదరడం. తెల్లారాక చూస్తే వీధి లేదు. వీధి ఉండాల్సిన చోట చెట్లు పడుకున్నాయి. మా ఉద్దానం ప్రాంతమంతా అదే తీరు. తాతలనాటి కొబ్బరి, జీడి, పనస తోటలు ఒక్క పూటలో నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, ఫోను పలకదు. మోటారు రంపాలు వచ్చేదాకా మనుషులు ఆగలేరు కదా. మంచం మీద ఉన్న ముసలమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, పాలకు పోవాలి. ఊరు ఊరంతా గొడ్డళ్ళ కోసం వెతుక్కుంది.

మా ఇంట్లోనూ ఒక గొడ్డలి ఉంది. తాత కాలం నాటిది. ఏటా దసరాకు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, మళ్ళీ మూల నిలబెట్టేవాణ్ణి. ఆ ఏడు నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి, పూజకింకా వారం ఉంది. గొడ్డలి తీసుకుని వీధిలోకొచ్చి, అడ్డంగా పడ్డ కొబ్బరి మాను మీద ఒక దెబ్బ వేశాను. రెండోది వేశాను. మూడో దెబ్బకు చెయ్యెత్తేసరికి చేతిలో బరువు లేదు. ఇనుప తల కామ కొసతో సహా తెగి, నా భుజం మీదుగా వెనక్కి ఎగిరి, పక్కింటి మట్టిగోడలో బెత్తెడు లోతున దిగబడింది. గోడకు నాలుగడుగుల దూరంలో పక్కింటి గుంటడు నిలబడి తమాషా చూస్తున్నాడు.

వాడు నవ్వాడు. నా కాళ్ళు మాత్రం చాలాసేపు వణికాయి.

తర్వాత కామ తెగినచోట చూస్తే, కన్నంలో ఉండే భాగాన్ని చెదలు లోపల్నుంచి గుల్ల చేసేశాయి. పైన వార్నీషులా నున్నగా ఉంది, లోపల మట్టి. దానికి తోడు నేనొక పాపం చేస్తూ వచ్చాను. తల వదులైందనిపించిన ప్రతిసారీ గొడ్డలిని రాత్రంతా బకెట్టు నీళ్ళలో పెట్టేవాణ్ణి. పొద్దున్నకు బిగుసుకునేది. చాలా ఇళ్ళలో ఇదే వైద్యం. నీళ్ళు తాగి కర్ర ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేక చుట్టూ ఉన్న ఇనుముకు నొక్కుకుని దాని పోగులు నలిగిపోతాయి. ఆరాక కర్ర మునుపటికంటే సన్నబడుతుంది. ఈసారి ఇంకొంచెం వదులు, మళ్ళీ బకెట్టు. పదిసార్లయ్యాక మిగిలేది మా పక్కింటి గోడ.

తుఫాను సద్దుమణిగాక, గోడలోంచి పెరికిన ఆ ఇనుప తల తీసుకుని పక్క ఊరి కొలిమికి వెళ్ళాను. కన్నంలో ఇరుక్కున్న ముక్క రావడం లేదు, అగ్గిలో వేస్తే కాలిపోతుంది కదా అన్నాను. కమ్మరి ముసలాయన నా మొహం కేసి చూశాడు.

“ఏటి మేస్టారూ, అంత సదువుకున్నోరు అలగంటారేటి? అగ్గిలో ఎట్టీసినారంటే కర్రా పోద్ది, పదునూ పోద్ది. ఇనుము నీలం తిరిగినాదంటే ఇంక అయిపోనాది. అది గొడ్డలి కాదు, తూకం రాయి.”

సైన్సు మేస్టరుకు ఇంతకంటే అవమానం ఏముంటుంది? గట్టిపరిచిన ఉక్కును కొలిమి బయట మెల్లగా వేడిచేస్తే రంగులు తిరుగుతుంది. ముందు గడ్డిరంగు, తర్వాత గోధుమ, ఊదా, ఆఖర్న నీలం. ప్రతి రంగుకూ కొంత గట్టిదనం తగ్గుతుంది. ఏ రంగు దగ్గర నీళ్ళలో ముంచి ఆపాలో తెలియడమే కమ్మరి విద్య. పొయ్యిలో పడేస్తే ఆ విద్యంతా బూడిదవుతుంది. ఆయన ఏం చేశాడంటే, బయటికున్న విరిగిన ముక్కను మొదలంటా కోసేసి, తలను రెండు చెక్కదిమ్మల మీద బోర్లించి, కింది కన్నం వైపునుంచి ఇనుప కడ్డీ పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. ముక్క పైవైపుకు ఊడొచ్చింది. గొడ్డలి కన్నం పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటుంది. అందుకే కామ కిందనుంచి ఎక్కుతుంది, ముక్క పైనుంచి దిగుతుంది. నేనైతే అప్పటిదాకా కన్నం రెండువైపులా ఒకేలా ఉంటుందనుకున్నాను.

ఆ కొలిమిలో తిత్తి ఎప్పుడో పోయింది. చేత్తో తిప్పే ఫ్యాను వచ్చి, అదీ పోయి, ఇప్పుడు కరెంటుది పెట్టుకున్నాడు. దాగలి మాత్రం పాతదే. చూస్తే అది రైలు పట్టా ముక్క. మా నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్నరైలు నడిచింది. తర్వాత గుణుపూరు దాకా సాగింది. పెద్ద లైను వెయ్యడం కోసం 2004లో ఆ బుల్లి బండిని ఆపేశారు. ఆ కాలంలో తుక్కు వేలం పాడినవాళ్ళ దగ్గర ఈ ముక్క కొన్నాడట. కత్తులకేమో లారీ కమాను పట్టీలు. పాతదాన్ని కొత్తగా మార్చడం మన కమ్మరికి వేరే కళేమీ కాదు, రోజువారీ పని. ఉక్కు అన్న మన దక్షిణాది మాటే ఇంగ్లీషులో ‘ఊట్జ్’ అయి పుస్తకాలకెక్కింది. ఆ ఉక్కు చేసిన చేతుల వారసుడు ఈవేళ లారీ స్ప్రింగు కోసం గ్యారేజీల వెంట తిరుగుతున్నాడు.

ఇక తుప్పు సంగతి. సముద్రం పక్క ఊళ్ళో ఇనుము బతకడమే గొప్ప. గాలిలో ఉప్పు, చెమటలో ఉప్పు. నౌపడా మడుల్లో ఉప్పు లాగే పలకలు చెక్కవే ఉంటాయి. ఉప్పు ఇనుమును తింటుంది గానీ చెక్కను చాలావరకు కాపాడుతుంది. నా గొడ్డలి తలను చింతపండు పులుసులో రెండు రోజులు నానబెట్టాను. కొబ్బరిపీచుతో, ఇటుకపొడితో రుద్ది, వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి నూనె రాశాను. మా ఆవిడ తన ఇత్తడి చెంబులకు చేసే వైద్యమే ఇది. పులుసు ఎందుకు తగ్గిందో అడిగింది, చెప్పలేదు. తుప్పు వదిలాక చెక్కిలి మీద చిన్న ముద్ర ఒకటి బయటపడింది. అక్షరాలు అరిగిపోయాయి, వేలికి తెలుస్తుంది గానీ కంటికి అందదు.

ఇనుము తేలింది. ఇక కర్ర కావాలి.

మొదట చేసిన పని బజారుకు పోవడం. టౌనులో ఒక దుకాణంలో తయారు కామ దొరికింది. ఏ దుకాణమో చెప్పను. నున్నగా, పసుపుపచ్చగా, వార్నీషు మెరుస్తూ పెళ్ళికొడుకులా ఉంది. మూడో రోజుకు పుటుక్కుమంది. విరిగినచోటు చూస్తే అడ్డంగా కాదు, ఏటవాలుగా, కలం పాళీ చెక్కినట్టు విరిగింది. కర్రలో నార ఒక దారిన పోతుంటే, మిల్లు రంపం ఇంకో దారిన కోసింది. నార మధ్యలోనే కామ పక్కలోంచి బయటికి పోయింది. బరువు పడగానే ఆ గీతవెంట జారిపోయింది. వార్నీషు కింద అది కనపడదు. కనపడకుండా ఉండటానికే వార్నీషేమో అనిపిస్తుంది నాకు.

రెండోసారి తెలివిమీరి సరుగుడు కర్ర తెచ్చాను. మా తీరమంతా సరుగుడు తోటలే కదా. గుండ్రంగా, నిటారుగా, చేతికి సరిపడా లావు. చెక్కే పనే లేదు, తొక్క తీస్తే చాలు. నెల తిరక్కుండానే నిలువునా నాలుగు చీలికలిచ్చింది. అప్పుడు మళ్ళీ కొలిమికి వెళ్ళాను. ఆయన నవ్వలేదు, అదే ఎక్కువ బాధ.

“సుట్టు కర్ర కామకి పనికిరాదు బావూ. నడాన బెండుంటాది. ఆరినప్పుడు బెండు సుట్టూ బద్దలైపోతాది. పెద్ద దుంగని సీల్సాలి. సీలిస్తే కర్రే సెప్తాది దాని దారేటో.”

రంపంతో కోస్తే మనం చెప్పిన దారిన పోతుంది. గొడ్డలితో చీలిస్తే నార ఎటు పోతే అటే చీలుతుంది. వంకరగా చీలిందంటే ఆ దుంగ కామకు కాదు, పొయ్యికి. చీల్చిన బద్దలో బెండు ఉండకూడదు, ముడి ఉండకూడదు, తెల్లచెక్క వీలైనంత తక్కువ ఉండాలి. చేవ ఉండాలి. చేవ ఉన్నవాడు అని మనుషుల్ని అంటూంటామే, ఆ మాట వడ్రంగి కొట్లోదే.

చెరువుగట్ల మీద నల్లతుమ్మకు మా వైపు పెద్దపీట. నాగలికీ, బండికీ, కామకూ అదే. దెబ్బను తట్టుకుంటుంది, సాగుతుంది, తొందరగా తెగదు. ఏజెన్సీ కొండల మీద చిరిమాను ఉంటుంది. బండి ఇరుసులకు పేరుపడ్డ కర్ర. కామకు దాన్ని మించింది లేదని కొండ దిగి సంతకొచ్చేవాళ్ళు చెప్తారు, నేను వాడి చూశాను, నిజమే. తడ చెట్టు కూడా ఆ కోవదే. మన ప్రమాణాల సంస్థ చెక్క పిడుల కోసం ఐఎస్ 620 అని ఒక ప్రమాణ పత్రమే వేసింది. అమెరికావాడికి హికరీ, ఇంగ్లండువాడికి యాష్.  వాళ్ళ పుస్తకాల్లో, కర్ర అడుగున వలయాలు గొడ్డలి అంచుతో సమానంగా ఉండేట్టు చూసుకోమని రాస్తారు. మన తుమ్మలో వలయాలు వెతికితే కళ్ళు కాయలు కాస్తాయి. మంచు పడే దేశంలో చెట్టు ఏటా నిద్రపోయి లేస్తుంది కాబట్టి గీత పడుతుంది. ఇక్కడ చెట్టుకు అంత నిద్ర లేదు. మనకు నార చూడటం, తట్టి వినడం, ఈ రెండే దారి.

ఏ కర్ర పని ఆ కర్రది. బొబ్బిలి వీణ పనసకర్రలో పాడుతుంది. ఏటికొప్పాక బొమ్మ అంకుడుకర్రలో నవ్వుతుంది. ఆ రెండూ గొడ్డలికి పెట్టి చూడండి, వీణ పాడదు, బొమ్మ నవ్వదు, కొట్టినవాడు ఏడుస్తాడు. తుఫానుకు కూలిన జీడి మానులు మా చుట్టూ గుట్టలుగా పడి ఉన్నా ఒక్క కామ రాలేదు. చిన్న బొరిగె పిడికీ, కొడవలి పిడికీ జామకర్ర భేషైనది. సన్నపోగు, అరచేతిలో నున్నగా ఒదుగుతుంది.

చీల్చిన తుమ్మ బద్దల్ని చెరువు బురదలో మూడు నెలలు పాతిపెట్టమన్నాడు కమ్మరి. ఇది చాదస్తం కాదు. పచ్చి కర్రలో పిండిపదార్థం ఉంటుంది, పురుగు దానికోసమే వస్తుంది. నీళ్ళలో నానితే ఆ పిండి కరిగిపోతుంది. తర్వాత నీడన ఆరబెట్టాలి. ఆరేటప్పుడు రెండు కొసలకూ పేడో, మైనమో పూస్తే చీలిక రాదు, తేమ కొసల్లోంచే తొందరగా పోతుంది కాబట్టి. మా చిన్నప్పుడు కామకర్రలు వంటింట్లో పొయ్యి మీద అటకకు వేలాడుతుండేవి. వంకాయ విత్తనాలూ వాటి పక్కనే. పొగకు కర్ర ఎముకలా ఆరేది, పురుగు దగ్గరికొచ్చేది కాదు. గ్యాసు వచ్చి ఆడవాళ్ళ కళ్ళు బాగుపడ్డాయి, అందుకు సంతోషమే. కామలకు మాత్రం పొగ కరువైంది. సముద్రపు గాలికి మా ఊళ్ళో కర్ర పూర్తిగా ఆరనే ఆరదు. అందుకే నేనిప్పుడు రేకుల షెడ్డు పైకప్పు కింద, వేడి బాగా తగిలే చోట కట్టిపెడుతున్నాను. పూర్తిగా ఆరిన కర్రను కన్నంలో ఎక్కిస్తే, వానాకాలం కొంచెం ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. పచ్చిది ఎక్కిస్తే అంతా తిరగబడుతుంది.

ఇక ఎక్కించడం. కొలతకు టేపు పట్టుకెళ్ళాను. కమ్మరి దాన్ని చుట్టి నా జేబులో పెట్టి, చెయ్యి చాపమన్నాడు. చంక మొదలు నుంచి వేలి కొసదాకా నా గొడ్డలి కామ. ఇంకొకరికైతే ఇంకో పొడుగు. పిడికిలి పట్టినప్పుడు వేళ్ళ కొసలు అరచేతిని తాకీ తాకనట్టు ఉండాలి, అంతకంటే లావైతే గంటకే మణికట్టు లాగుతుంది. బజార్లో అమ్మేవన్నీ ఒకే లావు, మగవాళ్ళ చేతికి సరిపడా. మా వైపు కలుపు తీసేదీ, జీడితోటలో చెత్త నరికేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ చేతి కొలత తీసుకున్న కామ ఒక్కటి కూడా నాకు దుకాణంలో కనపడలేదు.

కామను బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, ఆఖర్న గాజుపెంకుతో గీకుతారు. పగిలిన సీసా ముక్కే. వెంట్రుకల్లాంటి పొట్టు రాలుతుంది. ఉప్పుకాగితం కంటే నున్నగా వస్తుంది, ఖర్చు లేదు. కన్నంలోకి పోయే కొసకు బొగ్గుపొడి రాసి లోపలికి తోసి, బయటికి తీసి చూడాలి. ఎక్కడెక్కడ నల్లగా మెరిసిందో అక్కడే తగులుతోందన్నమాట. ఆ మెరుపు మేరకే గీకాలి. మళ్ళీ తోసి, మళ్ళీ తీసి. నాకు పద్నాలుగు సార్లు పట్టింది. ఆయనకు మూడు.

నాకు నిద్ర పట్టనివ్వని ముచ్చట ఇప్పుడు చెప్తాను. కొస కొంత ఎక్కాక, తల మీద సుత్తితో కొట్టి దింపాలని నేననుకున్నాను. ఆయన గొడ్డలిని తలకిందులుగా పట్టుకున్నాడు. ఇనుప తల కింద గాలిలో వేలాడుతోంది, కామ అడుగు పైన ఉంది. ఆ అడుగు మీద చెక్కసుత్తితో కొట్టాడు. దెబ్బ పడేది పైన, కింద తలకు ఏ ఆధారమూ లేదు. దెబ్బ దెబ్బకూ తల కిందికి జారిపోవాలి కదా? జారలేదు. కామ మీదికి ఎక్కుతూ వచ్చింది. చెట్టెక్కే ఉడతలా, వేలెడు వేలెడు. ముప్పై ఏళ్ళు తొమ్మిదో తరగతికి జడత్వం పాఠం చెప్పాను. కదలకుండా ఉన్న బరువు కదలనంటుంది, తేలికైన కర్రే దానిలోకి దూసుకుపోతుంది. బోర్డు మీద బస్సు బొమ్మ వేసి చెప్పేవాణ్ణి. ఒక్క గొడ్డలి క్లాసుకు తెచ్చి ఉంటే బస్సు బొమ్మ అక్కర్లేకపోయేది.

తల పూర్తిగా ఎక్కి, కామ కొస పైన వేలి మందాన బయటికొచ్చాక, ముందే రంపంతో కోసి ఉంచిన చీలికలోకి ఎండిన గట్టి చెక్క చీల దిగ్గొట్టాడు. కొస పువ్వులా విచ్చుకుని కన్నం గోడలకు పట్టేసింది. మనవాళ్ళు చాలామంది ఇక్కడ మేకులు కొడతారు. మేకు కర్రను చీలుస్తుంది, తుప్పుపట్టి చుట్టూ ఉన్న కర్రను పాడుచేస్తుంది.

మేకు సముద్రానికి పడదని మా తాతలకు బాగా తెలుసు. మాసూలా పడవకు మేకు ఉండదు. పలకల అంచుల్లో వరసగా కన్నాలు వేసి, కొబ్బరితాడుతో కుట్టి, కుట్టు కింద పీచు దట్టించేవారు. కెరటం పడ్డప్పుడు ఆ పడవ విరగదు, ఒళ్ళు విరుచుకుంటుంది. కెరటాలు విరిగే తీరంలో అదే దానికి ఆయుష్షు. ఆ పలకల్ని బాడిసతో చెక్కేవాడు మా తాత. తర్వాత ఫైబరు తెప్పలొచ్చాయి. అవి మంచివే, మా వేటగాళ్ళకు వాటివల్ల సుఖమే, కాదనను. వాటికి పగులొస్తే గుడ్డా జిగురూ పూస్తారు. బాడిసతో పని లేదు. తాత బాడిస నలభై ఏళ్ళు పెట్టెలో పడుకుంది.

గొడ్డలి తర్వాత దాన్నే పట్టాను. ఇది గొడ్డలంత సులువు కాదు. కన్నంలో కామ వాలు వెంట్రుకవాసి మారినా అంచు చెక్కలోకి దిగబడుతుంది, లేకపోతే పైపైన జారిపోతుంది. సరైన వాలు ఎంతో పుస్తకంలో లేదు. పెట్టెలో విరిగిన పాత కామ ముక్క ఉంది, దాన్ని పక్కన పెట్టుకుని అదే వంపు దించాను. ఆ ముక్క మీద తాత బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంది. అది ఎడమవైపుంది. మా తాత ఎడమచేతివాటమని ఇంట్లో ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

బాడిస కామకు పూత దగ్గర పెద్ద తప్పు చేశాను. ఆముదం రాస్తే జిడ్డుగానే ఉంటుంది, ఆరదు. అవిసె నూనె ఆరుతుంది, పొర కడుతుంది. పాతకాలం పడవలకు జీడిపిక్కల నూనె పూసేవారని గుర్తొచ్చింది. పలాస పక్కనే ఉండి జీడిపిక్కల నూనెకు కరువా? తెలిసినాయన చిన్న డబ్బాలో పోసిచ్చాడు. తాత లాగే పూద్దామని ఉత్తచేత్తో గుడ్డతో రుద్దాను. కర్ర నల్లగా నిగనిగలాడింది. రెండో రోజుకు నా చేతులు మోచేతుల దాకా బొబ్బలు. జీడి తొక్కలో కార్డాల్ అనే పదార్థం ఉంటుంది, చర్మాన్ని కాల్చేస్తుంది. ఫ్యాక్టరీలో పిక్కలొలిచే ఆడవాళ్ళు చేతులకు నూనె, బూడిద రాసుకుని కూర్చునేది అందుకే. పది రోజులు మా ఆవిడ అన్నం కలిపి పెట్టింది. చింతపండు సంగతి ఆ పది రోజుల్లోనే ఒప్పేసుకున్నాను. మీరు మాత్రం అవిసె నూనె రాయండి. రాసిన గుడ్డను ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరెయ్యండి.

ఇక ఈ పనివాళ్ళ సంగతి. 2023 సెప్టెంబరులో కేంద్రం విశ్వకర్మ పథకం పెట్టింది. పద్దెనిమిది చేతివృత్తులు. కమ్మరి, వడ్రంగి, పడవలు చేసేవారు, సుత్తులూ పనిముట్లూ చేసేవారు, అందరూ ఉన్నారు. పనిముట్ల కోసం పదిహేను వేల రూపాయల దాకా ఇస్తారు. మంచిదే. ఆ డబ్బుతో కొత్త కిట్టు వస్తుంది. కమ్మరికి సంచిలో సుత్తి ఇచ్చే బదులు, ఊళ్ళో పెట్టెల్లో పడున్న పాత సుత్తుల్ని ఆయన దగ్గరికి చేర్చే ఏర్పాటేదైనా ఉంటే ఆయనకు ఏడాది పొడుగునా పని దొరికేదని నాకనిపిస్తుంది. మా ఊళ్ళో నేనడిగిన ప్రతి ఇంట్లోనూ ఒకటుంది. కక్కు అరిగిన కొడవలి, పొన్ను ఊడిన ఉలి, కామ లేని పార. పక్కనే మూలపేటలో 2023లో రేవుకు శంకుస్థాపన చేశారు. కొండంత యంత్రాలు తిరుగుతున్నాయి. వాటి డ్రైవర్లు కూడా సాయంత్రం టీ కొట్టు దగ్గర, కొబ్బరిబొండాం కొట్టే కత్తికి పిడి వదులైందని నన్నే అడుగుతున్నారు.

ఆఖరు మాట. కొలిమిలో ఆయన వాడే సుత్తిని ఒకరోజు పరకాయించి చూశాను. ఊరందరి పనిముట్లూ బాగుచేసే ఆ మనిషి సుత్తి కామకు రెండుచోట్ల ఇనుపతీగ చుట్టి ఉంది. చీల స్థానంలో మేకు. కొట్టకూడదన్న అదే మేకు.

“మామా, ఇదేంటి?” అన్నాను.

“నాకు తీరికేది మేస్టారూ!”

ఇంటికెళ్ళి, దాచుకున్న చిరిమాను బద్ద తీసి, ఇరవై రోజులు కూర్చుని కామ చేశాను. బొగ్గుపొడి, గాజుపెంకు, అవిసె నూనె మూడు పూతలు. నా జీవితంలో నేను చేసినవాటిలో అంత నున్ననిది ఇంకోటి లేదు. పట్టుకెళ్ళి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఒక కన్ను మూసి చివరిదాకా చూశాడు. గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పట్టుకుని గాలిలో రెండుసార్లు ఊపాడు. ఏమీ అనలేదు. పక్కనున్న రంపం అందుకుని, కింది కొసన బెత్తెడు ముక్క కోసి, ఆ ముక్కను కొలిమిలోకి విసిరేసి, సుత్తి తలకోసం చెయ్యి చాపాడు.